డ్రిల్లు కాసేపు పక్కన పెట్టు తమ్ముడూ: ఫైర్‌వాల్ గుండా వైరింగ్ లోపలికి తేవడం

నువ్వు అడిగింది ముందు నాకు అర్థమైనట్టు చెప్తాను, తప్పైతే సరిచెయ్. పదేళ్ల డీజిల్ బండి. ముందు బంపర్ మీద 55 వాట్ల హాలోజన్ ల్యాంపులు రెండు పెట్టించావు. షాపువాడు స్విచ్ వైర్లని బానెట్ కింద నుంచి ఫెండర్ సందులోకి దించి, డ్రైవర్ డోర్ రబ్బరు కిందగా లోపలికి లాగాడు. ఇప్పుడు వానకి ఆ పక్క కార్పెట్ తడుస్తోంది, తలుపు వేసిన ప్రతిసారీ వైరు నలుగుతోంది. అందుకని ఫైర్‌వాల్‌కి, అంటే ఇంజన్‌కీ మన కాళ్లకీ మధ్య ఉన్న రేకు గోడకి, రంధ్రం వేసి తెచ్చుకుందామా, వేస్తే ఎక్కడ వేయాలి, రేపు ఆంప్లిఫయర్ పెడితే దాని కేబుల్ కూడా అందులోంచే పడుతుందా అని అడుగుతున్నావు.

డోరు సందులోంచి వైరు తేవడం పని కాదు, పని ఎగ్గొట్టడం. అది తీసేయ్, దాని గురించి ఇంక మాట్లాడను. రంధ్రం సంగతికొస్తే, ఆటో ఎలక్ట్రికల్ పని మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది, నీ ప్రశ్న లాంటి పనులు వందల్లో చేసి ఉంటాను, వాటిలో నిజంగా డ్రిల్లు పెట్టాల్సి వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి ఎక్కడ వేయాలి అనే ప్రశ్న చివర్లో చూద్దాం. అసలు ఏం దాటాలి అన్నది ముందు తేల్చుకో.

చాలామంది చేసే తప్పేంటంటే, బ్యాటరీ నుంచి లావు ప్లస్ వైరు లోపలికి తెచ్చి, స్విచ్‌కి ఇచ్చి, మళ్లీ స్విచ్ నుంచి ల్యాంపుల దాకా బయటికి తీసుకెళ్లడం. రెండు ల్యాంపులు కలిపి 110 వాట్లు, 12 వోల్టుల మీద తొమ్మిది ఆంపియర్ల పైనే. ఆ కరెంటు మొత్తం రేకు గోడని రెండుసార్లు దాటి, వంద రూపాయల స్విచ్ గుండా పోతుంది. స్విచ్ వేడెక్కుతుంది, అంత దూరం తిరిగినందుకు ల్యాంపు దగ్గర వోల్టేజీ పడిపోయి వెలుగు మందగించి పసుపు రంగుకి మారుతుంది. రిలే పెట్టి (లోపలి కాయిల్‌కి చిన్న కరెంటు ఇస్తే పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్ డబ్బా అది), ఆ రిలేని ఇంజన్ వైపే బిగిస్తే లావు వైర్లన్నీ అక్కడే ఉండిపోతాయి. ఫైర్‌వాల్ దాటేది రిలే కాయిల్‌కి వెళ్లే సన్న వైరు మాత్రమే, అందులో పారేది 0.15 నుంచి 0.2 ఆంపియర్. దానికి 0.75 స్క్వేర్ ఎంఎం వైరు కూడా ఎక్కువే.

ఇక్కడ నేను మా కుర్రాళ్లకి మొదటి వారంలోనే నేర్పే ఒక పద్ధతి చెప్తాను. ఫైర్‌వాల్ దాటే ఆ సన్న వైరుని ప్లస్ కాకుండా మైనస్ చేసుకో. అంటే రిలే 30వ పిన్నుకి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా ప్లస్, 87 నుంచి ల్యాంపులకి. కాయిల్‌కి కావాల్సిన ప్లస్ 86కి, అది ఇంజన్ వైపే హెడ్‌లైట్ హై బీమ్ నుంచి తీసుకో. కాయిల్ రెండో కొస 85, దాన్ని అక్కడే బాడీకి కట్టేయకుండా, ఆ వైరు ఒక్కటే లోపలికి తెచ్చి స్విచ్‌కి ఇచ్చి, స్విచ్ రెండో కాలు డ్యాష్‌బోర్డ్ కింద బాడీ ఎర్త్‌కి వెయ్. ఇప్పుడు ఐదేళ్ల తర్వాత ఎప్పుడో ఆ వైరు ఫైర్‌వాల్ అంచుకి రాసుకుని తొక్క ఊడిపోయి రేకుకి తగిలిందనుకో, ఏమవుతుంది? హై బీమ్ వేసినప్పుడు ఆ ల్యాంపులు కూడా వాటంతటవే వెలుగుతాయి. అంతే. నిప్పు లేదు, ఫ్యూజ్ పోదు, దారి మధ్యలో ఆగిపోవు. అదే చోట ప్లస్ వైరు తెగి తగిలితే కథ వేరే.

ఒక జాగ్రత్త. కొన్ని బండ్లలో హెడ్‌లైట్ బల్బుకి ప్లస్ ఎప్పుడూ ఉంటుంది, స్విచ్ పని చేసేది మైనస్ వైపు. నీ బండిలో ఎలా ఉందో టెస్ట్ ల్యాంప్ బాడీకి పట్టి చూసుకున్నాకే వైరు కలుపు. ఇంకా కొత్త బండ్లలో లైట్లని కంప్యూటర్ నడుపుతుంది, ఆ వైరు గీకి జాయింట్ వేస్తే డ్యాష్‌బోర్డ్‌లో ఎర్రర్ వస్తుంది, వారంటీ ఉంటే అదీ పోవచ్చు. పదేళ్ల బండికి ఆ టెన్షన్ చాలావరకు ఉండదు. వెలిగే స్విచ్ కావాలంటే మాత్రం దాని లోపలి చిన్న బల్బుకి విడిగా ప్లస్ కావాలి, అది లోపల ఫ్యూజ్ బాక్సులోనే దొరుకుతుంది, బయటి నుంచి తేవద్దు.

సరే, ఒక సన్న వైరు దాటాలని తేలింది. ఇప్పుడు దారి.

ఆ రేకు గోడ సంగతి చూద్దాం. దానికి ఇప్పటికే బోలెడు రంధ్రాలు ఉంటాయి: స్టీరింగ్ రాడ్డు, క్లచ్, బ్రేక్ బూస్టర్, ఏసీ పైపులు, హీటర్ గొట్టాలు, బానెట్ కేబుల్, అన్నిటికంటే ముఖ్యంగా కంపెనీ వైరింగ్ మొత్తం లోపలికి వచ్చే పెద్ద గ్రోమెట్, అంటే వైర్లకి రేకు అంచు తగలకుండా రంధ్రంలో బిగించే రబ్బరు. ఇవి కాక, ఒకే బాడీ మీద కంపెనీవాళ్లు చాలా వేరియంట్లు కడతారు కాబట్టి మన వేరియంట్‌లో వాడని రంధ్రాలకి ఉత్త రబ్బరు మూతలు బిగించి వదిలేస్తారు. ఆటోమేటిక్ బండిలో క్లచ్ చోటు ఖాళీగా ఉంటుంది. ఎడమ స్టీరింగ్ దేశాలకి కూడా పంపే మోడలైతే ఎడమ పక్క పెడళ్ల చోట రేకు మూతో రబ్బరు మూతో తగిలే అవకాశం ఉంది. టార్చ్ పట్టుకుని అరగంట వెతుకు. లోపల కార్పెట్, దాని వెనక నల్లటి శబ్దం ఆపే పొర లేపి చూడు. రాత్రిపూట ఒకరు ఇంజన్ వైపు టార్చ్ కొడుతుంటే నువ్వు లోపల తల పెట్టి చూసినా వదులు మూతల దగ్గర వెలుతురు కనిపిస్తుంది. పాత పద్ధతే, ఇప్పటికీ అంతకంటే మంచిది నాకు దొరకలేదు.

ఖాళీ మూత దొరికితే నీ అదృష్టం. ఆ మూత తీసి, అదే సైజు గ్రోమెట్ తెచ్చి వేసుకో. పాత మూతకే కన్నం పొడిచి వాడేవాళ్లున్నారు, కొత్తది తేవడానికి బద్ధకం, అయినా సన్న వైరు ఒక్కటే అయితే అదీ నడుస్తుంది.

దొరకకపోతే కంపెనీ పెద్ద గ్రోమెట్ దగ్గరికి వెళ్లు. చాలా గ్రోమెట్ల మీద పాల పీక లాంటి మొన ఒకటో రెండో ఖాళీగా ఉంటాయి. ఆ కొస కొద్దిగా కత్తిరిస్తే సరిగ్గా ఒక వైరు పట్టే దారి. అదీ లేకపోతే వైరింగ్ కట్టకీ రబ్బరుకీ మధ్య నుంచి దూర్చాలి. ఇక్కడే జనం కత్తి తీస్తారు. తమ్ముడూ, ఆ కట్టలో యాభై వైర్లుంటాయి, ఇంజన్ కంప్యూటర్‌వి, సెన్సార్లవి. బ్లేడు ఒక్క గీత గీస్తే పైకి ఏమీ కనపడదు, ఆరు నెలల తర్వాత వానలో బండి ఆగుతుంది, ఎందుకు ఆగిందో ఎవరికీ అంతుపట్టదు. కత్తి, స్క్రూడ్రైవర్, ఆర, ఏదీ వద్దు. నేను వాడేది సైకిల్ స్పోక్ పుల్ల, కొసని రుద్ది గుండ్రంగా చేసి, పైన టేపు చుట్టి. నువ్వు కొత్త కాబట్టి పుల్ల కూడా వద్దు, పొడుగు కేబుల్ టై తీసుకో, ప్లాస్టిక్ కదా, గుచ్చుకోదు, కరెంటు పాకదు. గ్రోమెట్‌కి సబ్బు నీళ్లు రాస్తే జారుతుంది. గ్రీజు, ఇంజన్ ఆయిలు, డీజిలు రాయకు, ఆ రబ్బరు నూనెకి ఉబ్బి మెత్తబడిపోతుంది.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసేయ్. గడియారం, స్టీరియో సెట్టింగులు పోతాయని ఏడ్చేవాళ్లని చూశాను, పోనీ. పసుపు రంగు స్లీవు, పసుపు కప్లర్ (వైర్లు కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) కనిపిస్తే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి వెళ్లకు, వాటికి మన వైరు కట్టకు కూడా.

ఒక వైపు నుంచి కేబుల్ టై తోయి, రెండో వైపు ఇంకొకరు చూస్తూ ఉండాలి. ఒంటరిగా చేసే పని కాదిది. అటు కొస బయటపడ్డాక దానికి వైరు పెట్టి, టేపు నున్నగా చుట్టి లాగు. రెండు మూడు వైర్లుంటే కొసలన్నీ ఒకే చోట కట్టకుండా ఒకదాని వెనక ఒకటి వచ్చేలా కట్టు, లేకపోతే అక్కడ ముడి లావై ఇరుక్కుంటుంది. రెడీమేడ్ హార్నెస్, అంటే కప్లర్లు బిగించి అమ్మే వైర్ల కట్ట, కొని దాని కప్లర్‌ని అలాగే దూర్చాలని చూడకు. కప్లర్‌లోంచి పిన్నులు ఊడదీసి, ఉత్త వైర్లు దాటించి, అటు వైపు మళ్లీ గుచ్చుకోవాలి. తీసే ముందు ఏ రంగు ఏ గదిలో ఉందో ఫోనుతో ఫొటో తీసుకో. నాకు అన్నీ గుర్తుంటాయి అనుకున్న రోజే గుర్తుండవు.

ఇప్పుడు ఆంప్లిఫయర్. దీని లెక్క పూర్తిగా వేరు, ఎందుకంటే దానికి రిలే కిటుకు పనికిరాదు, లావు కేబుల్ లోపలికి రావాల్సిందే. ఆంప్ మీద ఉన్న ఫ్యూజులు చూడు. 25వి రెండుంటే 50 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా ఐదు మీటర్లు అనుకో. 8 గేజ్ కేబుల్, అంటే దాదాపు 8 స్క్వేర్ ఎంఎం రాగి, నిండు లోడు మీద అర వోల్టు తినేస్తుంది. 4 గేజ్, 21 స్క్వేర్ ఎంఎం, 0.2 వోల్టుతో సరిపెడుతుంది. అయితే బజార్లో 4 గేజ్ అని రాసి అమ్మేవాటిలో సగం తొక్కే ఉంటుంది, లోపల రాగి పూత పూసిన అల్యూమినియం. కొస గీకి చూడు, లోపల తెల్లగా ఉంటే రాగి కాదు.

ఈ కేబుల్‌కి ఫ్యూజ్ ఎక్కడ పెట్టాలన్నదే ప్రాణం. ఒకసారి ఒక ట్యాక్సీని తోసుకుంటూ తెచ్చారు మా షెడ్డుకి. డ్యాష్‌బోర్డ్ కింద కార్పెట్ కాలి, ఆ ప్లాస్టిక్ కంపు నెల రోజులు పోలేదు. ఏదో యాక్సెసరీస్ షాపులో ఆంప్ పెట్టించాడు. వాళ్లు ఫైర్‌వాల్‌కి కన్నం పొడిచి, గ్రోమెట్ లేకుండా కేబుల్ దూర్చి, పక్కన ఖాళీలో దూది కుక్కారు. ఫ్యూజ్ పెట్టారు, కానీ డిక్కీలో ఆంప్ పక్కన. ఎనిమిది నెలలు ఇంజన్ వణుకుకి ఆ అంచు కేబుల్ తొక్కని రంపంలా కోసింది. కోసి రేకుకి తగిలేసరికి ఫ్యూజ్ దాకా కరెంటు వెళ్లనే లేదు, దారిలోనే బాడీకి దిగిపోయింది. స్టార్టర్‌ని తిప్పే బ్యాటరీ అది, షార్ట్ అయితే వందల ఆంపియర్లు ఇస్తుంది. కేబుల్ ఎర్రగా కాలింది. డ్రైవర్ బండి ఆపి, బ్యాటరీ లగ్గుని (కేబుల్ కొసకి నొక్కి బిగించే లోహపు ముక్క) రెంచితో కొట్టి ఊడగొట్టాడు కాబట్టి బండి మిగిలింది. ఫ్యూజ్ కాపాడేది ఆంప్‌ని కాదు, కేబుల్‌ని. అందుకని బ్యాటరీ నుంచి అడుగు దాటకముందే ఉండాలి, అదీ ఫైర్‌వాల్‌కి ఇంజన్ వైపే. నీ ల్యాంపుల 15 ఆంపియర్ల ఫ్యూజ్‌కీ అదే మాట.

లావు కేబుల్ కంపెనీ గ్రోమెట్‌లో పట్టదు, బలవంతంగా దూర్చకు, దాని పెదవి లేచిపోయి నీళ్లు వస్తాయి. ఖాళీ మూత లేకపోతే ఇక తప్పదు, డ్రిల్లే.

డ్రిల్లు గురించి నా సిగ్గుచేటు కథ కూడా చెప్పేస్తాను. పని నేర్చుకున్న కొత్తల్లో ఇంజన్ వైపు చక్కగా ఖాళీ చోటు కనిపించింది కదా అని మార్కు పెట్టి డ్రిల్లు నొక్కాను. రేకు తెగిన వెంటనే బిట్టు ఒక్కసారిగా లోపలికి దిగింది, బుస్సుమని శబ్దం, చల్లటి పొగ. గోడకి అవతల ఏసీ కూలింగ్ కాయిల్ ఉంది. కాయిల్, గ్యాసు, డ్యాష్‌బోర్డ్ విప్పి మళ్లీ బిగించే కూలి, అన్నీ నా జీతంలోంచే. మన కుడి స్టీరింగ్ బండ్లలో ఏసీ పెట్టె మామూలుగా మధ్య నుంచి ఎడమ వైపుకి ఉంటుంది. కుడి వైపు పెడళ్లు, స్టీరింగ్ రాడ్డు, బయట బ్రేక్ బూస్టర్, బ్రేక్ పైపులు. అందుకని దొరికే చోటు సాధారణంగా రెండు మూలల్లోనే, అదీ రెండు వైపులా చేత్తో తడిమి చూశాకే. లోపల నుంచి ఒక కొలత, బయట నుంచి ఒక కొలత, రెండూ ఒకే బోల్టు నుంచి తీసుకో.

ముందు 3 ఎంఎం బిట్టుతో చిన్న కన్నం. బిట్టు కొస అర అంగుళం మాత్రమే బయట ఉండేలా, మిగతాది చిన్న పైపు ముక్కలో దూర్చు, అప్పుడు దిగబడినా లోతుకి పోదు. ఆ కన్నంలోంచి సన్న తీగ దూర్చి అవతల ఎక్కడ తేలిందో చూసి, బాగుందనుకుంటేనే స్టెప్ బిట్టుతో (మెట్లుమెట్లుగా లావయ్యే బిట్టు) పెద్దది చెయ్. సైజు గ్రోమెట్ గాడిని బట్టి ఉండాలి, కేబుల్‌ని బట్టి కాదు. గ్రోమెట్ ముందు కొనుక్కో, తర్వాత రంధ్రం. అంచు ఆకురాయితో రుద్ది వేలు పెట్టినా గీసుకోనంత నున్నగా చెయ్, రేకు పొడి అంతా తుడిచెయ్, జింక్ ప్రైమర్ రాసి పూర్తిగా ఆరనివ్వు. ఈ ప్రైమర్ దగ్గరే అందరూ తొందరపడతారు. సముద్రం పక్క ఊళ్లలో, విశాఖ, కాకినాడ వైపు బండ్లలో, ప్రైమర్ వేయని రంధ్రం చుట్టూ రెండు వర్షాకాలాల్లోనే తుప్పు చూశాను.

గ్రోమెట్ కూర్చున్నాక దాని చుట్టూ సన్నగా సిలికాన్ వేసుకోవచ్చు, కానీ వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, అది రేకుని తింటుంది. న్యూట్రల్ అని రాసినది అడుగు. ఎం-సీల్ మాత్రం పెట్టకు. అది రాయిలా గట్టిపడుతుంది, వణుకుకి చిట్లుతుంది, రేపు ఇంకో వైరు వేయాలంటే ఉలి పట్టుకోవాలి. దూది, స్పాంజి, గుడ్డ పేలిక కుక్కడం కూడా వద్దు. అవి నీళ్లు పీల్చుకుంటాయి, పైగా పల్లెల్లో బండి పెట్టేవాళ్లకి చెప్పక్కర్లేదు, కోతల రోజుల్లో ఎలుకలకి ఆ స్పాంజి అంటే ఆహ్వానమే. బొటనవేలంత సందు చాలు వాటికి, లోపల దూరాక మొదట తినేది కొత్త వైర్ల తొక్క.

వైరు దాటాక అసలు పని మిగిలే ఉంటుంది. ఇంజన్ వైపు గ్రోమెట్‌కి ముందు వైరు కొంచెం కిందకి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా వంపు ఇవ్వు. వైపర్ల కింద నుంచి కారే నీళ్లు వైరు వెంట పాకి వస్తాయి, ఆ వంపు అడుగున బొట్టుబొట్టుగా రాలిపోతాయి, లోపలికి రావు. గ్రోమెట్‌కి రెండు వైపులా జానెడు లోపు ఒక్కో క్లిప్పు వేసి బాడీకి కట్టు, అప్పుడు వైరు ఎంత లాగినా ఆ బరువు రబ్బరు మీద పడదు. ఇంజన్ ఊగుతుంది, బాడీ ఊగదు, కాబట్టి ఇంజన్‌కి కట్టిన చోటికీ ఫైర్‌వాల్‌కీ మధ్య వైరు వదులుగా ఉండాలి. టర్బో, ఎగ్జాస్ట్ దరిదాపులకి పోనివ్వకు. మొత్తం మీద గీతలున్న నల్ల ఫ్లెక్సిబుల్ పైపు తొడుగు, కొసలకి క్లాత్ టేపు చుట్టు. మామూలు నల్ల పీవీసీ టేపు ఇంజన్ వేడికి జిగురు కారి ఊడిపోతుంది. ఇంకో మాట, ఇంట్లో మిగిలిన హౌస్ వైరు వాడకు. మామూలు ఇంటి వైరు తొక్క తట్టుకునేది 70 డిగ్రీల దాకానే, ఆటోమొబైల్ వైరు అని అడిగితే 105 డిగ్రీలది దొరుకుతుంది, మీటరుకి తేడా కొద్ది రూపాయలే.

లోపల పెడళ్ల వెనక నుంచి తెచ్చిన వైరైతే క్లచ్, బ్రేకు అడుగంటా తొక్కి చూడు, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడు, ఎక్కడా తగలకూడదు. బ్రేక్ పెడల్‌కి వైరు చుట్టుకున్న బండి ఒకటి నేను చూశాను, అదృష్టం కొద్దీ షెడ్డులోనే. ఆంప్ కేబుల్ ఒక పక్క నుంచి వెళ్తే స్టీరియో సిగ్నల్ వైర్లు రెండో పక్క నుంచి తీసుకెళ్లు, లేకపోతే ఇంజన్ రేస్ చేసినప్పుడల్లా స్పీకర్లో కీచుమంటుంది.

అంతా అయ్యాక కార్పెట్ వెంటనే వేసేయకు. బ్యాటరీ కలిపి లైట్లు పావుగంట వెలగనిచ్చి, గ్రోమెట్ దగ్గర, రిలే దగ్గర, ఫ్యూజ్ హోల్డర్ దగ్గర చెయ్యి పెట్టి చూడు, గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే ఆ చోట లగ్గు సరిగ్గా నొక్కలేదని. తర్వాత ముందు అద్దం మీద, వైపర్ల దగ్గర పది నిమిషాలు పైపుతో నీళ్లు పోయించి, గ్రోమెట్ లోపలి వైపు టిష్యూ పేపర్ అతికించి తెల్లారి చూడు. పొడిగా ఉంటే కార్పెట్ వేసుకో.

నీ బండిలో కంపెనీ గ్రోమెట్ లోపలి వైపు ఎలా ఉందో, ఎడమ మూల కార్పెట్ లేపితే ఏం కనిపిస్తోందో రెండు ఫొటోలు పెట్టు. ఖాళీ మొన ఉందో లేదో నేను చూసి చెప్తాను, అప్పటిదాకా డోరు దగ్గర నలిగిన ఆ వైరుకి ఫ్యూజ్ తీసి పక్కన పెట్టు, లైట్లు లేకపోయినా పర్లేదు.